మా నియోజకవర్గానికి ఎదురొచ్చినావిడ

మా ఊరి పేరు మీద ఒకప్పుడు ఒక అసెంబ్లీ సీటు ఉండేది. ఇప్పుడు సీటు లేదు, ఊరు ఉంది. విజయవాడలో కూచిపూడి వెళ్ళే బస్సెక్కితే దారిలోనే వస్తుంది. కాకపోతే కండక్టరు పేరు పిలవడు, మనమే చూసుకుని దిగాలి. సీటున్న రోజుల్లో పిలిచేవాడని మా ఊరివాళ్ళంటారు. ఆ రోజుల్లోనూ నేను బస్సెక్కాను, దిగాను. పిలిచినట్టు నాకైతే గుర్తు లేదు.

ఆ సీటు చరిత్ర రాసిపెట్టమని నన్నడిగారు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ఇంటర్లో సివిక్స్ అనే సబ్జెక్టు కూడా ఒకటుందని బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. మా కాలేజీలో ఎంపీసీ వాళ్ళకి అంతస్తులకి అంతస్తులు, మాకు మెట్ల పక్కన గది. అంచేత ఎవరైనా పనిగట్టుకుని వచ్చి "ఇది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు మేడం" అంటే నేను ఇట్టే పడిపోతాను. పడిపోయాను.

అడిగింది మా ఊరి నియోజకవర్గ సాధన సమితి. సీట్లు మళ్ళీ విడదీస్తారనీ, పోయినవి కొన్ని తిరిగొస్తాయనీ పుకారు పుట్టింది, ఆ పుకారుతోపాటే సమితీ పుట్టింది. దానికి అధ్యక్షుడు మా ఊరి మాజీ ఎమ్మెల్యే. ఒకసారి గెలిచి, ఆ తర్వాత ఓడి, మళ్ళీ ఓడి, చివరికి అన్ని పార్టీలవాళ్ళూ నమస్కారం పెట్టే పెద్దాయన అయ్యారు. మంచి మనిషి. ఎనభై దాటినా పంచె నలగదు, మాట తూలదు. సమితి మొదటి మీటింగులో మాత్రం, సీటొస్తే టిక్కెట్టెవరికన్న దగ్గర గొడవై ఇద్దరు సభ్యులు మాట్లాడుకోవడం మానేశారట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 

విజయవాడలో అధికారులెవరో అభిప్రాయాలు తీసుకుంటారు, అక్కడ వినతిపత్రంతోపాటు సీటు చరిత్ర కూడా జతచేసి ఇవ్వాలన్నది వాళ్ళ ఆలోచన. ఎవరెప్పుడు గెలిచారు, ఏ పార్టీ, ఎంత మెజారిటీ, ఇవన్నీ ఫోన్లో కొడితే వస్తాయి. చరిత్ర అంటే అది కాదు కదా. ఆ చరిత్ర తెలిసిన మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉంది, ఆవిడ మా మేనత్త. మా నాన్నకి అక్క. 

మా అత్తయ్య ఏనాడూ ఎన్నికల్లో నిలబడలేదు, ఏ పార్టీ జెండా పట్టలేదు. ఆవిడ చేసిందల్లా నామినేషన్ వెయ్యడానికి వెళ్ళేవాళ్ళకి ఎదురు రావడం. మనదగ్గర శుభమా అని బయల్దేరుతుంటే ముత్తైదువ నీళ్ళబిందెతో ఎదురొస్తే వెళ్ళిన పని అయినట్టే లెక్క. మా నియోజకవర్గం ఉన్నన్నాళ్ళూ ఆ ముత్తైదువ మా అత్తయ్య.

మొదటిసారి నిజంగా అనుకోకుండానే జరిగింది. అత్తయ్య కాపరానికొచ్చిన కొత్త. వాళ్ళిల్లు తాసిల్దారు ఆఫీసుకి వెళ్ళే రోడ్డు మీద, మలుపులో ఉంటుంది. నామినేషన్లు వేసేది ఆ ఆఫీసులోనే. ఆ రోజు నామినేషన్ వెయ్యడానికి వెళుతున్నది ఇప్పటి మన పెద్దాయనే. అప్పుడాయన కుర్రాడు, గెలుస్తాడని వాళ్ళింట్లోవాళ్ళు కూడా అనుకోలేదు. జీపు మలుపు తిరగడం, వీధిపంపు దగ్గర్నుంచి అత్తయ్య బిందె చంకన పెట్టుకుని రోడ్డు దాటడం ఒకేసారి అయ్యాయి. జీపు సడన్ బ్రేకు వేసింది. బిందెలో నీళ్ళు సగం జీపు మీద, సగం ఆయన కొత్త పంచె మీద. అత్తయ్య అంది కదా, "కళ్ళు నెత్తికెక్కాయా?" ఆయన తడిసిన పంచెతోనే వెళ్ళి నామినేషన్ వేశారు. గెలిచారు. 

గెలిచిన వారంలోనే చీర, పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చి "నీ చెయ్యి మంచిది చెల్లెమ్మా" అన్నారట. అప్పట్నుంచీ ఆవిడ ఆయనకి చెల్లెమ్మ, ఆయన ఆవిడకి అన్నయ్యగారు. ఇక చూడండి. తర్వాత ఎన్నికలకి అన్ని పార్టీల మనుషులూ మా అత్తయ్యగారింటి అరుగు మీదే. నామినేషన్ల రోజుల్లో ఆవిడకి అన్నం తినే తీరిక ఉండేది కాదు. పొద్దున ఒక పార్టీకి, పదిన్నర ముహూర్తానికి రెండో పార్టీకి, ఈ ఇద్దరికీ అడ్డం తిరిగిన ఇండిపెండెంటుకి మధ్యలో ఎప్పుడో. శకునం అనుకోకుండా జరగాలి కదా, అందుకని అనుకోకుండా జరగడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ముందురోజే చేసేవాళ్ళు. అత్తయ్య బిందె నింపుకుని పక్కింటి గోడ చాటున నిలబడాలి. జీపు గుడిదగ్గర హారన్ కొట్టాలి. హారన్ వినపడగానే ఆవిడ ఏమీ ఎరగనట్టు రోడ్డు మీదికి రావాలి. జీపులో ఆయన ఆశ్చర్యపోవాలి. నేను చిన్నప్పుడు మా మేడ మీంచి ఇదంతా చూసేదాన్ని. కొందరు అభ్యర్థులు చాలా బాగా ఆశ్చర్యపోయేవారు. 

"అందరికీ నువ్వే ఎదురొస్తే ఎలాగత్తయ్యా, అందరూ గెలవరుగా?" అని అడిగానొకసారి. "అందరికీ నేనే ఎదురొస్తే ఎవరో ఒకరు గెలిచితీరాలిగా" అందావిడ. ఇన్నేళ్ళు సివిక్స్ చెప్పాను, ప్రజాస్వామ్యం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నేనెక్కడా చదవలేదు.

గెలిచినవాళ్ళు చీర పెట్టేవాళ్ళు. ఓడినవాళ్ళు కారణాలు వెతుక్కునేవాళ్ళు. బిందె వెలితిగా ఉందనీ, ఎడంకాలు ముందు పెట్టిందనీ, అవతలివాడికి నవ్వుతూ వచ్చి మనకి మూతి బిగించుకుని వచ్చిందనీ. ఒకాయనైతే బిందె స్టీలుది కాబట్టి ఓడిపోయానని, తర్వాత ఎన్నికకి ఇత్తడిబిందె కొని పంపించాడు. మళ్ళీ ఓడిపోయాడు. బిందె మాత్రం బాగుండేది, చాలా ఏళ్ళు మన్నింది. 

ఇందులో అసలు తమాషా మా మావయ్య. ఆయనది ఎర్రజెండా. దేవుడూ దయ్యమూ శకునమూ ఏవీ నమ్మేవాడు కాదు. పెళ్ళాం రోడ్డు మీద బిందెతో ఎదురొస్తుంటే ఆయన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని, "మూఢనమ్మకాలకి బ్రాంచాఫీసు మా ఇంట్లోనే తెరిచారండీ" అని దారినపోయేవాళ్ళకి చెప్పేవాడు. ఆయన పార్టీ అభ్యర్థి ఒక్కడే మా అత్తయ్యని ఎదురు రమ్మనేవాడు కాదు. సిద్ధాంతం ఒప్పుకోదు. కాకపోతే నామినేషన్ రోజున నడిచి వెళుతూ, సరిగ్గా మా అత్తయ్య గేటు ముందుకొచ్చాక ఆయన చెప్పు ఊడేది. దాన్ని సరిచేసుకుంటూ చాలాసేపు వంగే ఉండేవాడు. అత్తయ్య జాలిపడి బిందె తీసుకుని వచ్చేది. మావయ్య పేపరు ఇంకొంచెం పైకెత్తేవాడు. డిపాజిట్ మాత్రం ఎప్పుడూ దక్కలేదు.

మా అత్తయ్య బొట్టు మావయ్య ఉండబట్టే గదా. నమ్మనివాడొకడు అరుగు మీద నిక్షేపంలా కూర్చుని ఉండబట్టే నమ్మేవాళ్ళందరికీ పని జరిగేది. ఈ సంగతి ఆయనకి చెబితే, "నన్ను కూడా వాడుకున్నారన్నమాట" అన్నాడు. 

సీటు ఏం సాధించిందయ్యా అంటే, మురుగుకాలవ మీద వంతెన హామీని సాధించింది. నేను ఎరిగిన ప్రతి ఎన్నికలోనూ ఆ వంతెన ఉంది. కాలవ చివరి భూములకి సాగునీళ్ళొకటి, డిగ్రీ కాలేజీ ఒకటి. డిగ్రీ కాలేజీ వచ్చింది, పక్క ఊరికి. ఇవన్నీ వినతిపత్రంలో ఎలా రాయాలో తెలియక "ప్రజా సమస్యలపై నిరంతర చర్చకు వేదికగా నిలిచింది" అని రాశాను.

చివరి ఎన్నిక అదే చివరిదని ఎవరికీ తెలియకుండానే జరిగిపోయింది. అత్తయ్య మామూలుగానే అందరికీ ఎదురొచ్చింది. ఆ తర్వాత మావయ్య పోయాడు. పొలం నుంచి వచ్చి, మంచినీళ్ళడిగి, తెచ్చేలోపే అరుగు మీద ఒరిగిపోయాడు. ఆయన సంవత్సరీకం రాకముందే పునర్విభజనలో మా సీటూ పోయింది. కాలవకి ఇవతలున్న ఊరిని ఒక నియోజకవర్గంలోనూ అవతలున్న పల్లెల్ని ఇంకోదాంట్లోనూ కలిపేశారు. అత్తయ్యకి పాలు పోసే అతను పొద్దున్నే తన నియోజకవర్గం నుంచి బయల్దేరి మా నియోజకవర్గంలోకి వచ్చి పాలు పోసి, ఎండెక్కకముందే తన స్వరాజ్యానికి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో బంద్ చేశారు, రోడ్డు మీద బైఠాయించారు. మావయ్యని తలుచుకుని పలకరించడానికొచ్చినవాళ్ళు కూడా కాసేపయ్యాక సీటు గురించే బాధపడేవాళ్ళు. ఎవరికోసం ఏడుస్తున్నారో ఒక్కోసారి తెలిసేది కాదు. 

నామినేషన్లు ఇప్పుడు వేరే ఊళ్ళో వేస్తారు. కార్లు మా అత్తయ్య ఇంటి ముందునుంచి వెళ్ళవు. కాబట్టి ఒక ప్రశ్న ఎవరికీ రాకుండా పోయింది. మొగుడు పోయినావిడని ఎదురు పిలవాలా, మానాలా అన్నది ఎవరూ తేల్చాల్సిన పని పడలేదు. ఊరికి ఎంత సుఖమో. "నన్ను మానెయ్యడం బాగుండదని నియోజకవర్గాన్నే మానేశారే" అంది అత్తయ్య ఒకసారి, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత చాలాకాలం నేను ఒక విషయం చూసీ చూడలేదు. మా ఇళ్ళల్లో పిల్లలు ఎంసెట్‌కి బయల్దేరుతున్నా, పెళ్ళివారు కారెక్కుతున్నా, సరిగ్గా ఆ వేళకి అత్తయ్యకి పెరట్లో పనిపడేది. కరివేపాకు కొయ్యాలనేది, బట్టలు తియ్యాలనేది. ఈవిడకి పెరట్లో ఇంత పనేమిటా అనుకునేదాన్ని. ఆవిణ్ణి తప్పుకోమని ఎవరూ అనలేదు. అనకముందే తప్పుకోవడం ఆవిడ మర్యాద. అనాల్సిన అవసరం రానందుకు సంతోషించడం వాళ్ళ మర్యాద. మా కృష్ణాజిల్లాలో మర్యాదకేం కొదవ లేదండీ. 

అరుగు మీద కబుర్లలో మాత్రం ఆవిడ పాత హోదా చెక్కుచెదరలేదు. "మీరు ఎదురొచ్చిన రోజులే వేరండీ" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు. "ఇప్పుడూ సీటుంటే నాకు కాళ్ళరిగేవి కాదూ" అనేదావిడ. అంటున్నావిడకీ వింటున్నవాళ్ళకీ నిజం తెలుసు. కాఫీలు తాగి లేచిపోయేవాళ్ళు.

ఇలాంటప్పుడు సమితి వచ్చింది, నేను చరిత్ర రాయడానికి దిగాను. ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. బెంజ్ సర్కిల్ దాటడానికి పట్టినంతసేపు అక్కణ్ణుంచి మా ఊరు చేరడానికి పట్టేది కాదు. అత్తయ్య అడిగినవన్నీ చెప్పేది. ఎవరు ఏ ముహూర్తానికి బయల్దేరారు, ఎవరు ఎవర్ని వెన్నుపోటు పొడిచారు, ఎవరు ఓడిన రోజు వాళ్ళ పెరట్లో కూర్చుని ఏడ్చారు, అన్నీ. కానీ సీటు తిరిగొస్తుందట అన్నప్పుడల్లా మొహం మాడ్చుకునేది. ఊళ్ళో చంటిపిల్లలు కూడా సీటు కావాలంటున్నారు, ఈవిడొక్కతికే వద్దు.

"ఉన్న ఎమ్మెల్యేలు చాలరా? ఇంకోడెందుకు?" 

"మన ఊరికి మంచిదిగా అత్తయ్యా."

"ఏం మంచి? వంతెన కడతామంటారు. ఇప్పుడూ అంటూనే ఉన్నారు."

ఆ మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కూర్చుని గోంగూర ఒలుస్తోంది. నేను ఊరుకోలేదు, పీకి పీకి అడిగాను. ఆవిడ చేతిలో కాడ పక్కన పెట్టేసింది. 

"ఇన్నాళ్ళూ సీటు లేదు కాబట్టి నన్ను పిలవలేదు. సీటొచ్చాక కూడా పిలవకపోతే?" 

నేను చప్పున ఏదో అనాలని, "పిలవకపోతే వాళ్ళ ఖర్మ" అన్నాను. 

"వాళ్ళ ఖర్మెందుకవుతుందే? వాళ్ళకి ఇంకో ముత్తైదువ దొరుకుతుంది. బిందెలకి కరువా?" 

మళ్ళీ గోంగూర ఒలవడంలో పడింది. నేను లేచి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మళ్ళీ వేశాను. కాబట్టి సీటు వస్తే మా ఊరు గెలుస్తుంది, మా అత్తయ్య ఓడిపోతుంది. సీటు రావాలని కాగితం రాస్తున్నది నేను. 

చరిత్రలో ఎదురు సంగతి ఒక పేరా రాశాను. ఊరి ఆచారంగా, పేరు పెట్టకుండా, మర్యాదగానే రాశాను. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుంటూ అంతా చదివి, "చాలా బాగా రాశావమ్మా" అని, ఆ పేరా మీద వేలు పెట్టారు. "ఇదొక్కటీ తీసేద్దామా? పైవాళ్ళకి మూఢనమ్మకంలా కనబడుతుందేమో."

"మీరు గెలిచింది దాంతోనే కదండీ?" 

"అందుకేనమ్మా" అన్నారాయన. అంత నిజాయితీగా అన్నాక ఏమంటాం. తీసేశాను. తీసేసి, వినతిపత్రం ఇవ్వడానికి బయల్దేరే రోజు ఎప్పుడని అడిగితే, సిద్ధాంతిగారిని అడిగి ముహూర్తం పెట్టామన్నారు. రాహుకాలం రాకముందే ఊరు దాటాలట. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, మూఢనమ్మకం కాగితంలోంచి తీసేసి కార్లో ఎక్కించుకున్నారు. 

బయల్దేరేది మా అత్తయ్య ఇంటి ముందునుంచే. పాత నామినేషన్ దారి అది, సెంటిమెంటు. ఎదురు రావడానికి పెద్దాయన మనవడి భార్యని ఏర్పాటు చేశారు. బెంగుళూరు కంపెనీకి ఇంట్లోంచి పనిచేసే అమ్మాయి. ఆ అమ్మాయిని అనుకుని లాభం లేదు, పాపం పిలిస్తే వచ్చింది. ఎదురింటి గేటు దగ్గర ఒక చంకన బిందె, రెండో చేతిలో ఫోను పట్టుకుని, "అంకుల్, నాకు పదకొండింటికి మీటింగుందండీ" అని వాళ్ళకీ వీళ్ళకీ చెబుతోంది. 

కారు అత్తయ్య గేటు ముందుంది. పెద్దాయన ముందు సీట్లో, ఇద్దరు సభ్యులు వెనకాల సర్దుకుని కూర్చున్నారు. టిక్కెట్టు దగ్గర దెబ్బలాడుకున్న ఇద్దరూ వీళ్ళే, మధ్యలో నన్ను కూర్చోబెట్టాలని వాళ్ళ ఉద్దేశం. నేను చుట్టూ చూశాను. అందరూ ఉన్నారు, అత్తయ్య లేదు. ఇంట్లోకి తొంగిచూస్తే పెరటి తలుపు వేసి ఉంది. కరివేపాకు కోస్తోందన్నమాట. 

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఇల్లు, ఆవిడ గేటు, ఆవిడ చెప్పిన చరిత్ర, ఆవిడ పెట్టిన కాఫీలు. ఆవిడేమో పెరట్లో దాక్కుంది. నేను కారెక్కనన్నాను. 

"ఏమైందమ్మా?" అన్నారు పెద్దాయన. 

"అత్తయ్యకి చెప్పి రావాలండీ." 

"వెళ్ళి చెప్పి రా మరి."

"ఆవిడే వస్తుంది లెండి." 

వెనకాల కూర్చున్నాయన వాచీ చూసుకుని, "రాహుకాలం దగ్గరపడుతోంది మేడం" అన్నాడు. 

"పడనివ్వండి" అన్నాను. అంత మొండితనం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఎదురింటి గేటు దగ్గర అమ్మాయి బిందె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎండ చురుక్కుమంటోంది. 

ఇంజను ఆగడం విని కాబోలు, పెరటి తలుపు తీసిన చప్పుడైంది. అత్తయ్య నడవ దాటి, మెట్లు దిగి, గేటు తోసుకుని సరాసరి కారు ముందుకొచ్చేసింది. "ఏమే, బుద్ధుందా నీకు? పెద్దవాళ్ళని ఎండలో కూర్చోబెట్టి ఏమిటా వేషాలు? ఎక్కు" అని నామీద కేకలేసింది. అప్పటిగ్గానీ ఎక్కడ నిలబడి ఉందో చూసుకోలేదు. కారుకి సరిగ్గా ఎదురుగా ఉంది. 

పక్కకి తప్పుకోబోయింది, ఎటు తప్పుకోవాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. కార్లో ఉన్న ముగ్గురూ అద్దంలోంచి ఆవిణ్ణే చూస్తున్నారు. బిందె పట్టుకున్న అమ్మాయి ఒక్కతికే ఏమీ అర్థం కాలేదు. "నేనిప్పుడు రావాలా?" అని అడిగింది. 

పెద్దాయన మెల్లిగా తలుపు తీసుకుని దిగారు. "కళ్ళజోడు లోపల మర్చిపోయినట్టున్నాను చెల్లెమ్మా, ఒక్క నిమిషం కూర్చుని వెళతాం" అన్నారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. చెడ్డ శకునమైతే వెనక్కెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి, దోషం పోతుంది. ఇది మా అందరికీ ఉగ్గుపాలతో తెలిసిన సంగతే. వెనకున్న ఇద్దరూ కూడా ఏదో మర్చిపోయి దిగారు. 

మొట్టమొదట గెలిచినాయన. తడిసిన పంచెతో నామినేషన్ వేసినాయన. ఆయన్ని ఆ క్షణంలో నేను క్షమించలేకపోయాను, ఇప్పటికీ క్షమించలేదు. 

అత్తయ్య ఆయన మొహం వంక చూసింది, ముక్కు మీది కళ్ళజోడు వంక చూసింది. ఆవిడకి తెలియనిదా. "రండన్నయ్యగారూ, కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను" అంది. ఆయన తలదించుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆవిడే ట్రేలో గ్లాసులు పెట్టి తెచ్చింది. తను చేసిన దోషానికి విరుగుడు తనే తెచ్చి, ఒక్కొక్కరి ముందూ వంగి అందించింది. అందరూ గటగటా తాగారు. నా దగ్గరికొచ్చింది. 

"నాకు దాహం లేదు" అన్నాను. ఏడుపొస్తోంది. అందరి ముందూ ఏడిస్తే ఆవిడ పరువు ఇంకా పోతుందని పళ్ళు బిగపట్టాను. 

"ఉంచుకో, పోనీ" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. 

వాళ్ళు మూతులు తుడుచుకుని లేచారు. మళ్ళీ కారెక్కారు. నేనూ ఈసారి ఎక్కి మధ్యలో కూర్చున్నాను, గ్లాసు చేతిలోనే ఉంది. డ్రైవరు ఇంజను వేశాడు. మనవడి భార్యకి పెద్దాయన చేత్తో సైగ చేశారు. ఆ అమ్మాయి బిందెతో రోడ్డు మీదికి అడుగేసింది. ఇప్పుడు అత్తయ్య లోపలికి వెళ్ళిపోవాలి. 

వెళ్ళలేదు. ఖాళీ ట్రే అరుగు మీద పెట్టి, పమిట భుజం మీదికి లాక్కుని, గేటు దాటి వచ్చి, ఇందాక పొరపాటున నిలబడ్డ చోటే మళ్ళీ నిలబడింది. ఈసారి చూసుకునే నిలబడింది. బిందెతో వస్తున్న అమ్మాయి ఆవిణ్ణి చూసి ఆగిపోయింది. 

పెద్దాయన కిటికీ అద్దం దించారు. "చెల్లెమ్మా..." అన్నారు. 

"నేనిక లోపలికి పోనన్నయ్యగారూ" అంది అత్తయ్య, కాఫీలో పంచదార చాలిందా అని అడిగినంత మామూలుగా. "మీరు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దిగి కూర్చోండి. ఇంట్లో మంచినీళ్ళు బోలెడున్నాయి." 

ఆయన ఈసారి కారు దిగలేదు. అద్దం పైకెత్తి, డ్రైవరుతో "పోనీ నాయనా" అన్నారు.